ఎందాకండీ?

రత్నమాణిక్యం గారికి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పాలు పోసే మనిషి గేటు దాటకముందే ఎదురెళ్ళి చెంబులో వేలు ముంచి చూసేది. చేపలమ్మి తట్ట దించితే మొప్పలు ఎత్తి చూడటమే కాదు, ఆ ఎరుపు పూసిన రంగేమోనని గోటితో గీరి మరీ చూసేది. కంసాలి దగ్గర గాజులు మెరుగు పెట్టిస్తే, అతను కుంపటి ముందు నుంచి లేచేదాకా ఎదురుగా పీటేసుకుని కూర్చునేది. ఇదంతా పిసినారితనం అనుకునేరు, కాదు. ఇంటికొచ్చిన వాళ్ళకి వద్దన్నా వినకుండా కొసరి కొసరి వడ్డించే చెయ్యి ఆవిడది. పెట్టడానికి ఏ బాధా లేదు, మోసపోవడమంటేనే ఒళ్ళు మంట.

అలాంటావిడ ఇంటికి హైదరాబాదు నుంచి కొత్త డ్రైవరు వస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. భీమవరంలో ఇల్లు, మొగల్తూరు వైపు పక్కపక్కనే రెండు రొయ్యల చెరువులు, తిరగడానికి తెల్లటి టాటా సుమో. భర్త దుర్గాప్రసాదరాజు గారు నెమ్మది మనిషి. సుమో తోలే బుజ్జిబాబు అంతకన్నా నెమ్మది. ఆ బుజ్జిబాబుకి కంట్లో శుక్లాలు ముదిరి ఆపరేషనంటూ ఇంటి పట్టున ఉండిపోతే, ఆ చోట్లోకి జంగయ్య వచ్చాడు.

జంగయ్యది నల్గొండ వైపు పల్లెటూరు. చిన్నప్పుడే హైదరాబాదు చేరి మొదట ఆటో, తర్వాత కార్లు తోలి, సగం జీవితం ఆ ట్రాఫిక్‌లోనే గడిపాడు. భార్య పెద్దింట్లమ్మది మాత్రం కొల్లేటి పక్క ఊరు. కూలిపనికి హైదరాబాదు వెళ్ళిన పిల్లని చేసుకున్నాడు. ఇప్పుడు మామగారికి కాలూ చెయ్యీ పడిపోయి చూసే దిక్కు లేకపోతే, కాపరం మొత్తం ఎత్తుకుని ఇటొచ్చేశాడు. పిల్లల్ని ఇక్కడి బళ్ళోనే వేశాడు.

"అంత దూరం నుంచి వచ్చాడంటే అక్కడేదో వెలగబెట్టే వచ్చుంటాడండి," అంది రత్నమాణిక్యం.

"మామగారిని చూసుకోడానికి వచ్చాడే," అన్నారు రాజుగారు.

"మామగారిని చూసుకోడానికి ఊరొదిలొచ్చిన అల్లుణ్ణి మీరెక్కడైనా చూశారా?"

రాజుగారు పేపర్లోకి తల దూర్చారు. చూడలేదు మరి.

పైగా జంగయ్య 'ఆయ్' అనడు. గోదావరి జిల్లాల్లో పని చెప్పినా, కబురు చెప్పినా, ఆఖరికి తిట్టినా 'ఆయ్' అని వినడం మర్యాద. జంగయ్య "అట్లనే అమ్మా" అని ఊరుకునేవాడు. 'ఆయ్' అనని మనిషి కడుపులో ఏముందో ఎలా తెలుస్తుందని ఆవిడ బెంగ.

ఇక అతని డ్రైవింగు! బండి ఎక్కడం ఆలస్యం, హారన్ మీద చెయ్యి పడిపోయేది. సైకిలు కనిపిస్తే హారను, గడ్డిమోపు కనిపిస్తే హారను, కాలవగట్టు మీద గేదెలు కనిపిస్తే మరీను. గోదావరి గేదెలు హారన్‌కి జరుగుతాయా? అవి తల తిప్పి చూసి, ఇంకో రెండు అడుగులు నడిమధ్యకి వచ్చి నిలబడేవి. బుజ్జిబాబైతే అద్దంలోంచి చెయ్యి చాపి వాటి వీపు మీద తట్టి "పదండమ్మా" అనేవాడు.

మొదటివారంలోనే కాలవ లాకుల దగ్గర వంతెన మీద గొడవయింది. అది ఒక్క బండి పట్టే వంతెన. అవతలి ఒడ్డున ఊకబస్తాల ట్రాక్టరు కనిపించగానే జంగయ్య పట్టపగలు టపటపా రెండుసార్లు హెడ్‌లైటు కొట్టి వంతెన మీదకి దూకించాడు. ట్రాక్టరు కూడా అదే ఊపులో వచ్చేసింది. రెండూ నడివంతెన మీద ముక్కుకి ముక్కు ఆనించి ఆగాయి. వెనకసీట్లో రత్నమాణిక్యం తల ముందుసీటుకి కొట్టుకుంది.

"లైట్ కొట్టిన గద! ఆగాలె గద!" అని జంగయ్య కిందికి దిగాడు.

ట్రాక్టరు మనిషి దిగనైనా దిగలేదు. "మీరు లైటు కొడితేనే కదండీ వచ్చాను? రమ్మని పిలిచి మళ్ళీ ఆ కోపం ఏంటండీ?" అన్నాడు తాపీగా.

విషయం ఇంతే. హైదరాబాదులో లైటు కొడితే 'నేనొస్తున్నా, నువ్వాగు' అని. ఇక్కడ లైటు కొడితే 'నేనాగాను, నువ్వు రా' అని. సంగతి తెలిసి రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. రత్నమాణిక్యం నవ్వలేదు. అన్నేళ్ళు బండి తోలినవాడికి లైటు భాష తెలియకపోవడమేంటి? ఆవిడ చెవుల్లో ట్రాక్టరు మనిషి అన్న ఒక్క మాటే మిగిలింది. పిలిచి. అంటే ఇతను లైటు కొట్టి మనుషుల్ని పిలుస్తున్నాడన్నమాట.

అప్పట్నించీ ఆవిడ కళ్ళల్లో వత్తులు వేసుకుని వెనకసీట్లో కూర్చునేది. లైటు కొట్టొద్దని జంగయ్యకి చెప్పినా చెయ్యి ఆగేది కాదు. మనసు వద్దంటున్నా వేళ్ళు వెళ్ళి లైటు మీటేవి. ఎవరెవరికి కొడుతున్నాడా అని ఆవిడ చూసేది. రొయ్యల చెరువులకి ఐసు మోసే బండికి కొట్టాడు. రొయ్యల మేత లారీకి కొట్టాడు. బుల్లెట్ మీద వెళ్ళే రొయ్యల ఏజెంటుకి కొట్టాడు. వాళ్ళంతా బండి నెమ్మది చేసి, చెయ్యి ఊపి మరీ దాటుకుని వెళ్ళేవారు. చెయ్యి ఎందుకు ఊపాలి? ఏ బంధుత్వమని ఊపాలి?

జంగయ్యకి ఇంకో అలవాటుంది, ఎవరికోసమూ ఆపడు. ఒకరోజు వరసకి మరిదైన వెంకటరాజు గారి జీపు ఎదురొచ్చి, ఆయన చెయ్యెత్తుతుంటే, రయ్యిమని దాటించేశాడు.

"ఆపు ఆపు! కళ్ళు కనబడట్లేదా? వెంకటరాజు గారు!"

"రోడ్డు నడుమ ఆపితే ఎనకోళ్ళు తంతరమ్మా."

"ఇక్కడ ఆపకపోతే తంతారు."

అప్పుడావిడ అతనికి ఇక్కడి పద్ధతి నేర్పింది. తెలిసిన బండి ఎదురొస్తే నెమ్మది చెయ్యాలి. అద్దానికి అద్దం ఆనేలా ఆపాలి. వాళ్ళు "ఎందాకండీ?" అంటారు. బయల్దేరిన మనిషిని "ఎక్కడికి" అని అడగకూడదు, శకునం మంచిది కాదు, అందుకని ఎందాకా అంటారు. అడిగాక చెప్పాలి. చెప్పకపోతే పొగరంటారు.

జంగయ్య అద్దంలోంచి ఆవిణ్ణి చూశాడు. "మనం యాడికి పోతే వాళ్ళకేందమ్మా? మాకాడ గిట్ల అడిగితే మఫ్టీల ఉన్న పోలీసోళ్ళనుకుంటం."

"మీకు దాచుకోవాల్సినవి ఉంటాయేమోలే. మాకిక్కడ దాపరికాలు లేవు జంగయ్యా," అంది ఆవిడ కొంచెం గర్వంగానే.

అతను "అట్లనే అమ్మా" అన్నాడు. ఆరోజు నుంచీ ఆపమన్నచోటల్లా ఆపాడు.

ఎండలు ముదరకముందే మొదటి చెరువులో తెల్లమచ్చ పడింది. రొయ్య తల పెంకు మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలొస్తాయి, ఒకసారి వచ్చాయంటే చెరువంతా ఊడ్చుకుపోతుంది. చచ్చేలోపు పట్టి అమ్ముకోవడమొక్కటే దారి. జబ్బు సంగతి బయటికి పొక్కిందా, ఏజెంట్లంతా ఒక్కమాట మీదకొచ్చి రేటు విరగ్గొట్టేస్తారు.

రాజుగారు ఆవిణ్ణి సుమో పక్కకి పిలిచి గొంతు తగ్గించారు. "మాణిక్యం, రేపే పట్టేయాలి. నేనిక్కడ మనుషుల్ని పోగేస్తాను, నువ్వెళ్ళి ఐసు చెప్పిరా. తెల్లమచ్చ అన్న మాట మూడో చెవిన పడకూడదు."

మూడో చెవి అక్కడే ఉంది. స్టీరింగు ముందు కూర్చుని, అద్దం దించుకుని ఉంది. రత్నమాణిక్యం ఆ చెవినే చూస్తూ బండెక్కింది.

దారిలో లాకుల వంతెన దగ్గర ఐసు బండి ఎదురైంది. జంగయ్య వేళ్ళు వెళ్ళి లైటు కొట్టనే కొట్టాయి. ఆవిడ ముందుసీటు మీదకి వంగి చూసింది. వంతెన దాటాక వెంకటరాజు గారి జీపొచ్చింది. ఈసారి జంగయ్య పద్ధతిగా ఆపాడు.

"ఎందాకండీ వదినగారూ, పొద్దున్నే?"

"ఐసు చెప్పడానికండీ. రేపు చెరువు పట్టుబడి పెట్టుకున్నాం."

"అప్పుడేనా అండీ? ఇంకో నెలుంటుందేమో అనుకున్నానే."

"ఆయనకేదో తోచిందిలెండి. పిల్లలు బాగున్నారా?"

అద్దం ఎత్తాక కూడా ఆవిడ మనసంతా ఐసు బండి మీదే ఉంది. ఎన్నిసార్లు కొట్టాడు? రెండా, మూడా? మూడైతే దానర్థం వేరే ఉంటుందా?

మర్నాడు వస్తామన్న ఏజెంట్లలో ఇద్దరు రాలేదు. వచ్చిన చంద్రరావు గట్టు మీద నిలబడి, రొయ్య చేతిలోకి తీసుకోకుండానే "తెల్లమచ్చ కదండీ" అన్నాడు. సగం రేటు కూడా చెప్పలేదు. ఎవరు చెప్పారయ్యా అంటే "ఇలాంటివి ఆగుతాయేంటండీ" అని నవ్వేశాడు. వేరే దారి లేదు, ఇచ్చేశారు.

ఇంటికొచ్చాక రత్నమాణిక్యం నడవాలో నిలబడి జంగయ్యని పిలిచింది.

"నిన్న వంతెన దగ్గర ఐసు బండికి లైటు కొట్టావా, లేదా?"

"కొట్టిన."

"ఎందుక్కొట్టావు?"

"అలవాటమ్మా."

"ఏం అలవాటు? తిన్నింటి గుట్టు ఊరంతా చాటే అలవాటా? ఆయన నాతో చెప్పింది నువ్వు విన్నావా, లేదా?"

"ఇన్న."

"వినండి! ఒప్పుకుంటున్నాడు!" అని ఆవిడ భర్త వైపు తిరిగింది.

జంగయ్య ఆవిడ మొహంలోకి చూశాడు. ఏదో అనబోయాడు. తర్వాత రాజుగారి వైపు ఒకసారి చూసి, తల దించుకుని, జేబులోంచి సుమో తాళాలు తీసి అరుగు మీద పెట్టాడు. "నమ్మకం లేని కాడ నేను చెయ్యలేనమ్మా," అని చెప్పులేసుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు. నమ్మకం లేదని ఆవిడ అననే లేదు, తనకు తానే అన్నాడు. తప్పు చేసినవాడే అంత తొందరగా వెళ్ళిపోతాడని ఆవిడకి ఇంకా గట్టిపడింది. రాజుగారు "సాక్ష్యం లేకుండా..." అని ఏదో గొణిగారు గానీ ఆవిడ వినలేదు. కాల్లోంచి ముల్లు తీసినంత హాయిగా ఉందావిడకి.

రెండో చెరువు మిగిలింది. పెట్టిన పెట్టుబడంతా, ఆ ఏటి ఆశంతా దాని మీదే. అది కూడా పోతే చేపూరు దగ్గర తాతలనాటి వరిచేను బేరం పెట్టాల్సిందేనని రాజుగారు ముందే అనేశారు. ఆ చేను మీద బియ్యం తప్ప ఇంకో బియ్యం ఆ ఇంట్లో ఎప్పుడూ ఉడకలేదు. కొద్దిరోజులకే ఆ చెరువులోనూ చుక్కలు కనిపించాయి.

ఈసారి రత్నమాణిక్యం అన్ని జాగ్రత్తలూ తీసుకుంది. పనిమనిషి వెళ్ళాక, కిటికీ రెక్కలేసి మరీ భర్తతో మాట్లాడింది. అలవాటైన ఐసు ఫ్యాక్టరీ వద్దంది, నర్సాపురంలో ఎవరూ ఎరగని చోట చెబుదామంది. కళ్ళు బాగుపడి, నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చిన బుజ్జిబాబుకి కూడా సంగతి చెప్పొద్దంది. రాజుగారు చెరువు మీదకి వెళితే తను సుమోలో నర్సాపురం బయల్దేరింది.

బుజ్జిబాబు బండి ఎప్పట్లాగే పెళ్ళినడక నడిచింది. గేదెల్ని తట్టాడు. నల్లద్దాలు చూసి నవ్వినవాళ్ళ దగ్గరల్లా ఆగి ఆపరేషన్ కథ చెప్పాడు. మలుపులో వెంకటరాజు గారి జీపు రానే వచ్చింది.

"ఎందాకండీ వదినగారూ?"

"నర్సాపురం దాకానండీ, ఐసు చెప్పడానికి."

"రెండో చెరువు కూడానా అండీ!"

"ఆయ్, ఎల్లుండండీ. రాజుగారు చెరువు మీదే ఉన్నారు."

అద్దం ఎత్తి, సీటుకి జారగిలబడి, ఆవిడ హాయిగా ఊపిరి పీల్చుకుంది. "చూశావా బుజ్జిబాబూ, ఆ జంగయ్యే ఉంటే ఈపాటికి లైట్లు కొట్టి లోకమంతా చెప్పేసేవాడు."

"ఆయ్," అన్నాడు బుజ్జిబాబు.

పట్టుబడి రోజు, పిలవకముందే, అందరికన్నా ముందు చంద్రరావు వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. అదే నవ్వు, అదే రేటు. వలలవాళ్ళు నీళ్ళల్లో ఆగిపోయి చూస్తున్నారు. రాజుగారి మొహం నల్లబడిపోయింది. రత్నమాణిక్యం ఆగలేకపోయింది.

"ఈసారెవరు చెప్పారయ్యా నీకు? జంగయ్య లేడుగా!"

చంద్రరావు తెల్లబోయాడు. "జంగయ్య ఎవరండీ?"

"మరెవరు చెప్పారు?"

"మీరే చెప్పారంటగా అమ్మా," అన్నాడతను. అందులో వెటకారమేమీ లేదు. "వెంకటరాజు గారు హోటల్లో టిఫిన్ చేస్తూ అన్నారండీ, వదినగారు మళ్ళీ ఐసు చెప్పడానికి వెళ్తున్నారూ అని. పోయినసారీ అంతే. నెల ముందు ఐసు చెప్పుకుంటున్నారంటే ఇక మాకు వేరే చెప్పాలేంటండీ?"

"తెల్లమచ్చ అన్న మాట నేను అనలేదు," అంది రత్నమాణిక్యం.

నిజమే, ఆ ఒక్క మాటా అనలేదు. రోజు చెప్పింది, ఐసు చెప్పింది, ఊరు చెప్పింది, భర్త ఎక్కడున్నాడో చెప్పింది. ఆ ఒక్క మాటనీ పళ్ళబిగువున దాచుకుని, గుట్టంతా భద్రంగా ఉందనుకుంది. రాజుగారు ఆవిడ వంక చూశారు. కోప్పడినా బాగుండేది. "వల లాగండయ్యా," అన్నారు పనివాళ్ళతో, అంతే.

ఆ రాత్రి భోజనాల దగ్గర కూడా ఆయన చేను మాటెత్తలేదు. చెయ్యి కడుక్కుంటూ "పాపం, ఆ జంగయ్య పిల్లల్ని కూడా ఇక్కడే బళ్ళో వేశాడు కదా," అన్నారు.

మర్నాడే ఆవిడ బుజ్జిబాబుని బండి తియ్యమంది. ఎందాకా అని అతను అడిగితే కొల్లేటి వైపు అని మాత్రం చెప్పింది. ముందు చెరువుల మీద రాజుగారికి క్యారేజీ ఇచ్చి అటు తిరగాలి. లాకుల వంతెన దగ్గరికి వచ్చేసరికి అవతలి ఒడ్డున ఐసు బండి ఆగి ఉంది. రెండుసార్లు లైటు వెలిగింది.

బుజ్జిబాబు బ్రేకు మీద కాలేసి నల్లద్దాలు పైకెత్తాడు. "జంగయ్యలాగున్నాడండీ. ఆగమంటున్నాడో, రమ్మంటున్నాడో?"

రత్నమాణిక్యం ఆ లైటు వంక చూసింది. ఆ చేతిని ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా నమ్మలేదు. "రమ్మంటున్నాడు. వెళ్ళు," అంది.

వంతెన ఖాళీగా ఉంది. జంగయ్య బండిని గట్టు అంచుకంటా తీసి, దారి వదిలి కూర్చున్నాడు. సుమో పక్కకి రాగానే అద్దానికి అద్దం కలిసింది. అతనే ముందు అడిగాడు.

"ఎందాకండీ అమ్మగారూ?"

"మీ ఇంటికే," అంది. "నీకోసమే. మళ్ళీ వచ్చెయ్యి జంగయ్యా."

అతను బండి ఇంజను ఆపాడు.

"ఆ రోజు వెంకటరాజు గారితో నేనన్న మాటలు నువ్వు విన్నావుగా?"

"ఇన్నానండి."

"మరి మా ఆయన ముందు ఎందుకు చెప్పలేదు? నేను అన్నేసి మాటలంటుంటే ఎందుకు నోరు మూసుకున్నావు?"

"చెప్తే మీరు నమ్మకపోదురు. అయ్యగారు నమ్ముదురు," అన్నాడు జంగయ్య. "అప్పుడు మీ ఇంట్ల మీరే దొంగైతుంటిరి. నాకంటే ఇంకో బండి దొరుకుతది. మీకు ఇంకో ఇల్లు యాడ దొరుకుతదమ్మా?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తప్పయిపోయింది. రా జంగయ్యా," అంది మళ్ళీ.

"రాలేనమ్మా. ఈ బండికి లైటు కొడితే ఎవ్వలూ ఎందుకు కొట్టినవని అడగరు. ఎవల చెరువు ఎన్నడు పడతరో అందరికన్నా ముందుగాల నాకే చెప్తున్నరు. ఏ ఒక్కలు అడిగినా, ముందలికే అని చెప్పి పోతున్న. మీ బండెక్కితే లైటు ముట్టాల్నన్నా భయమైతది," అన్నాడు. దణ్ణం పెట్టి, వంతెన ఖాళీగా ఉందో లేదో చూసుకుని, నెమ్మదిగా వెళ్ళిపోయాడు. హారన్ కూడా కొట్టలేదు.

సుమో అక్కడే నిలబడి ఉంది. వెనక నుంచి వచ్చిన జీపు పక్కన ఆగింది. వెంకటరాజు గారు నవ్వుతూ తల బయటికి పెట్టారు.

"ఎందాకండీ వదినగారూ?"

రత్నమాణిక్యం అద్దం పిడి మీద చెయ్యేసింది.

"ఇక్కడిదాకానేనండీ," అని అద్దం ఎత్తేసుకుంది.